పదిహేడో నంబరు బిళ్ల

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి నా గొంతు. రెండోది, నా ధైర్యాన్ని ఎవరూ ఎప్పుడూ పరీక్షించబోరన్న భరోసా. డిగ్రీ పట్టా ఇంకా చేతికి రాకముందే (ఒక సబ్జెక్టు అడ్డం పడింది, అదేదో ఇప్పుడెందుకు లెండి) ఈ రెండింటినీ నమ్ముకుని నేనొక ఉద్యోగం సంపాదించాను. కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు వెళ్లే రోడ్డు మీద, ఇళ్లు పలచబడి టేకు చెట్లు మొదలయ్యే చోట, అప్పుడే ఒక అమ్యూజ్‌మెంట్ పార్కు తెరిచారు. అందులో మైకు దగ్గర కూర్చునే అమ్మాయిని నేను. తప్పిపోయిన పిల్లల పేర్లు చదవడం, తినుబండారాల కొట్టుకు ప్రచారం చేయడం, అన్నింటికన్నా ముఖ్యంగా రోలర్‌కోస్టర్ గురించి గంటకు నాలుగుసార్లు ఊదరగొట్టడం నా పని. చిన్నప్పటి నుంచీ చర్చిలో వాక్యం చదివి చదివి నా గొంతుకు ఒక తీరు వచ్చేసింది. మొదటి రోజు మైకు పట్టుకోగానే "ప్రియ సహోదరీ సహోదరులారా, రోలర్‌కోస్టర్ ఎక్కువారు తమ చెప్పులను భద్రపరచుకొనవలెను" అన్నాను. పార్కులో సగం మంది లేచి నిలబడ్డారు. మా చర్చివాళ్లయితే తలలు కూడా వంచారు.

ఆ రోలర్‌కోస్టర్ ఎక్కడో మూతపడిన పార్కు నుంచి ముక్కలు ముక్కలుగా లారీల్లో వచ్చింది. పార్కు యజమాని దాన్ని మళ్లీ బిగించి, నీలం రంగు కొట్టించి, గేటు ముందు పెద్ద బోర్డు పెట్టించాడు. "జిల్లాలోకెల్లా అత్యంత ఎత్తైన, అత్యంత పొడవైన, అత్యంత వేగవంతమైన ఉక్కు రోలర్‌కోస్టర్, రికార్డులు బద్దలు!" ఇందులో అబద్ధం ఏమీ లేదు. జిల్లాలో ఇంకో రోలర్‌కోస్టర్ లేదు కాబట్టి అన్ని రికార్డులూ దానివే. ఆ మాటకొస్తే అత్యంత పొట్టిదీ అదే, అత్యంత నిదానమైనదీ అదే, కానీ ఆ రెండూ బోర్డు మీద రాయలేదు. యజమానికి రికార్డుల పిచ్చి. పార్కులో బావి తవ్విస్తే అది అత్యంత లోతైన బావి, చాయ్ పోస్తే అది అత్యంత వేడి చాయ్. మేమంతా ఆయన్ని రికార్డు సారు అని పిలుచుకునేవాళ్లం, ఆయన ముందు కాదు.

ఇక మా నాయిన. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో హాలర్ నడిపిన మనిషి. హాలర్ అంటే బాయి లోపలి నుంచి బొగ్గు టబ్బుల్ని ఉక్కు తాడుతో పైకి లాగే యంత్రం. ఒక గంట కొడితే ఆపాలి, రెండు కొడితే కదిలించాలి, మూడు కొడితే మనుషులున్నారు జాగ్రత్త అని అర్థం. ఆ గంటలతోనే ఆయన జీవితం గడిచింది. రిటైరయ్యాక కూడా పొద్దున్నే షిఫ్టు సైరన్ మోగగానే లేచి, స్నానం చేసి, చొక్కా టక్ చేసుకుని, కుర్చీలో కూర్చునేవాడు. ఎక్కడికీ పోయేది లేదు. అలా మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. అన్నం సగం తిని లేచేవాడు. "మనిషి ఇంట్ల ఉన్నడు, పానం బాయిల ఉన్నది. నేనేం జెయ్యాలె ప్రభువా," అని అమ్మ రోజూ ప్రార్థనలో కలిపేది. ఆయన్ని అలా చూడలేకపోయేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి రికార్డు సారును అడిగాను, మా నాయినకు తాడూ బ్రేకూ గంటా అన్నీ తెలుసు, రోలర్‌కోస్టర్ దగ్గర పెట్టుకోండి అని. ఆయన "ముప్పై ఏండ్లు మనుషులను కిందికి దించినాయన మీదికి ఎక్కియ్యలేడా ఏంది, రమ్మను," అన్నాడు. నాయిన ఆ సాయంత్రం రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు.

మరుసటి వారానికి మా రోలర్‌కోస్టర్ బొగ్గుబాయి అయిపోయింది. బాయిలోకి అగ్గిపెట్టె తీసుకుపోకూడదు, గ్యాస్ ఉంటే పేలుతుంది. అది అక్కడి నియమం. అడవి పక్కన ఆరుబయట ఉన్న రోలర్‌కోస్టర్‌లో ఏం పేలుతుందో ఎవరికీ తెలియదు, అయినా నాయిన ఎక్కేవాళ్లందరి జేబులూ తడిమి అగ్గిపెట్టెలు, బీడీకట్టలు, లైటర్లు తీసి ఒక డబ్బాలో వేసేవాడు. కొత్త పెళ్లికొడుకైనా సరే, ఊరి సర్పంచైనా సరే. రికార్డు సారు లైటర్ కూడా ఆ డబ్బాలో మూడు రోజులు ఉంది. బండి కదిలే ముందు రెండు గంటలు, ఆ తర్వాత మూడు గంటలు కొట్టి, "నెత్తి జాగ్రత్త! నెత్తి వంచుండ్రి!" అని అరిచేవాడు. బాయిలో కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, అలవాటు. ఇక్కడ పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా ఇరవై మందీ భయభక్తులతో తలలు వంచి, ఆ జిల్లా రికార్డు ఎత్తు నుంచి కనపడే అడవిని చూడకుండానే దిగివచ్చేవాళ్లు.

వీటన్నిటికన్నా పెద్ద నియమం బిళ్లలది. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకుని దిగుతాడు, పైకి వచ్చాక తిరిగి మేకుకు తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు. నాయిన తన పాత వర్క్‌షాపు దోస్తుతో ఇరవై ఇత్తడి బిళ్లలు కోయించి, తనే నంబర్లు కొట్టి, ఒక చెక్కకు ఇరవై మేకులు దిగేసి ప్లాట్‌ఫారం మెట్ల దగ్గర తగిలించాడు. సీటు నంబరును బట్టి బిళ్ల తీసుకుని ఎక్కాలి, దిగి మళ్లీ అదే మేకుకు తగిలించాలి. ఇరవై మేకులూ నిండితేనే తర్వాతి రౌండు. జనం మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్లకూ అదొక ఆటైపోయింది. "ఏడో నంబరు నాది, మళ్లీ అదే కావాలండీ," అని వేంసూరు నుంచి వచ్చిన రైతులు మెత్తగా పోట్లాడుకునేవాళ్లు.

ఇంత జరుగుతున్నా ఒక నిజం మాత్రం ఎవరికీ తెలియదు. గంటకు నాలుగుసార్లు "గుండె ధైర్యం ఉన్నవారికే ఈ అనుభూతి" అని అరిచే నేను ఆ బండిని ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కనని కాదు, ఒకసారి వరుసలో నిలబడ్డాను కూడా. కిందికి దూకేటప్పుడు జనం పెట్టిన కేక విని నా కాళ్లు వాటంతట అవే క్యాంటీన్ వైపు నడిచాయి. కానీ ఎవరైనా అడిగితే "పది సార్లు ఎక్కిన" అని చెప్పేదాన్ని. పదకొండు అంటే నమ్మరేమోనని పది దగ్గర ఆపాను. అది అక్కడితో ఆగినా బాగుండేది. ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి, దేవుడు నాలోని భయాన్ని ఎలా తీసేశాడో రోలర్‌కోస్టర్‌తో సహా వివరించి కూర్చున్నాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. (ఆ కన్నీళ్లు ఇప్పటికీ నా ఖాతాలోనే ఉన్నాయి.)

అలా ఆరు నెలలు హాయిగా గడిచాక రికార్డు సారుకు బోర్డు మీది రికార్డులు చాలలేదు. ఒక్క రోజులో, ఆపకుండా, నూట ఎనిమిది రౌండ్లు తిప్పి ఏదో రికార్డుల పుస్తకంలోకి ఎక్కాలని ఆయన కోరిక. హైదరాబాద్ నుంచి ఒక పరిశీలకుడిని పిలిపించాడు. మెడలో ఒక స్టాప్‌వాచీ, చేతిలో ఇంకొకటి, మణికట్టుకు మామూలు గడియారం. ఆయనకు గడియారం సారు అని పేరు పెట్టడానికి మాకు అరనిమిషం కూడా పట్టలేదు. షరతు ఒక్కటే. రౌండుకూ రౌండుకూ మధ్య ఐదు నిమిషాలకు మించి బండి ఆగకూడదు. ఆగితే అంతదాకా తిప్పిందంతా వృథా. ముందు రోజు రికార్డు సారు మమ్మల్నిద్దర్నీ పిలిచి సంగతి విడమరిచి చెప్పాడు. "చూడు పెద్దాయనా, రికార్డు వస్తే నువ్వు ఓపిక ఉన్నన్ని రోజులు ఈడనే. రాకపోతే, పట్నంల ట్రైనింగయిన పోరడు తయారుగ ఉన్నడు, వానికిస్త. నేను గూడ అప్పుల్లనే ఉన్న." నాయిన "అవ్ సారూ" అన్నాడు. నాకు మాత్రం మా ఇంట్లో ఆ కుర్చీ, ఆ సగం తిన్న కంచం కళ్లముందు కదిలాయి.

ఆ రోజు పొద్దున్నే మొదలైంది. సీట్లు ఖాళీగా పోకూడదని చుట్టుపక్కల ఊళ్లకే కాదు, దూరపు ఊళ్లకు కూడా ఉచితం అని చాటింపు వేయించారు. కల్లూరు నుంచి జీపులొచ్చాయి, వేంసూరు నుంచి ట్రాక్టర్ వచ్చింది, పైనున్న అడవి గూడేల నుంచి జనం నడిచే వచ్చారు. వాళ్లలో ఒక అవ్వ ఉండేది. సంతలో ఇప్పపూలు అమ్ముకుని పోతూ పార్కు దగ్గర ఆగి మాతో కబుర్లు చెప్పేది, మా అందరికీ ఆమె ఇప్పపూల అవ్వే. ఆ రోజు మధ్యాహ్నానికే పదకొండు సార్లు ఎక్కింది. దిగడం, బిళ్ల తగిలించడం, మళ్లీ వరుసలో నిలబడటం. "భయం గాలేదా అవ్వా?" అని అడిగితే నా వైపు జాలిగా చూసింది. "ఏం భయం బిడ్డా? అది పులి గాదు, ఎలుగు గాదు. ఇనుము. దానికి ఆకలుంటదా?" అంది. నాకు ఈ కోణం ఎప్పుడూ తట్టలేదు. తట్టినా లాభం ఉండేది కాదు.

తొంభై ఆరు రౌండ్లు ఏ అడ్డంకీ లేకుండా పూర్తయ్యాయి. నాయిన క్యాబిన్‌లో నిలబడే ఉన్నాడు, చెయ్యి బ్రేకు మీద, చూపు మేకుల మీద. అప్పుడు రికార్డు సారు నా మైకు గదిలోకి వచ్చాడు. "అమ్మాయ్, పేపరోళ్లు వచ్చిండ్రు. నువ్వు జల్దీ ఒక రౌండు ఎక్కి దిగు. దిగంగనే మైకుల జెర ఫీలింగుతోటి చెప్పు, ఎట్లున్నదో. పది సార్లు ఎక్కినదానివి గదా, నీకేం లెక్క!" నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మరి మైకెవరు చూస్తరు సారూ..." అన్నాను. "పాటలు పెట్టి పో," అన్నాడు. ఇక తప్పించుకునే దారి లేదు. మెట్ల దగ్గరికి వెళ్లేసరికి మేకుల బోర్డు మీద ఒక్క బిళ్లే మిగిలి ఉంది, పదిహేడు. నాయిన అప్పుడు క్యాబిన్‌లో వంగి గ్రీజు డబ్బా తీస్తున్నాడు, నన్ను చూడలేదు. బిళ్ల పిడికిట్లో పట్టుకుని, వెనక వరుసలో అవతలి చివరి సీట్లో కూర్చున్నాను. మనుషులు జారిపడకుండా ఒడికి అడ్డంగా ఇనుప బార్లు బిగించే ఆయన ముందు వరుస నుంచి ఒక్కొక్కటే బిగించుకుంటూ వస్తున్నాడు. రెండు గంటలు మోగాయి. తర్వాత మూడు. "నెత్తి జాగ్రత్త!" అని నాయిన గొంతు. నా నెత్తికేమీ కాలేదు గానీ కాళ్లకు ఏమైందో తెలియదు. ఆ బార్ నా దాకా రాకముందే అవతలి వైపు నుంచి కిందికి దూకేశాను. అందరూ తలలు వంచి ఉన్నారు కాబట్టి ఎవరూ చూడలేదు. లంటానా పొదల్లో కుడికాలి చెప్పు ఇరుక్కుంది. దాన్ని అక్కడే వదిలేసి నీళ్ల ట్యాంకు వెనక్కి పరుగెత్తాను. బండి నేను లేకుండానే కేకలు పెట్టుకుంటూ వెళ్లిపోయింది.

నా పథకం తిరుగులేనిదని అప్పుడు అనిపించింది. బండి రాగానే దిగేవాళ్లలో కలిసిపోయి, బిళ్ల మేకుకు తగిలించి, మైకు దగ్గరికి పోయి కావలసినంత ఫీలింగుతో చెప్పేయడమే. అంతలో గడియారం సారు ముఖం కడుక్కోవడానికి సరిగ్గా ఆ ట్యాంకు కొళాయి దగ్గరికే వచ్చాడు. పొద్దుటి నుంచీ ఎండలో కూర్చున్న మనిషి కదా, ముఖం, మెడ, మోచేతులు, ఆఖరికి కళ్లజోడు కూడా కడుక్కున్నాడు. నేను ట్యాంకుకు బల్లిలా అతుక్కుని నిలబడ్డాను. ఆయన వెళ్లేసరికి బండి వచ్చేసింది, జనం దిగిపోయారు, తర్వాతి వాళ్లు వరుస కట్టారు. అప్పుడు నాయిన గంట వినపడింది. ఒక్కటే గంట. ఆపు అని.

ఎవరో పాటలు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో ప్రతి మాటా నాకు వినపడుతోంది. "పదిహేడో మేకు ఖాళీ ఉన్నది," అన్నాడు నాయిన. బార్లు బిగించే ఆయన "ఆ సీట్ల ఎవ్వలు లేరు పెద్దాయనా, నేను చూసిన. ఖాళీ సీటుకే బార్ పెట్టిన," అన్నాడు. "సీటు ఖాళీ అయితే మేకెందుకు ఖాళీ అయితది?" అన్నాడు నాయిన. రికార్డు సారు పరుగెత్తుకొచ్చాడు, నన్ను ఎక్కమన్న సంగతి ఆ కంగారులో మరిచేపోయాడు. "ఎవడో జేబుల ఏసుకుని పోయిండు పెద్దాయనా! ఇత్తడి బిళ్ల, ఇంకోటి చేయించుకుందాం. బండి తియ్యి, టైమైతున్నది!" "మనిషి దొరికిందాక తియ్య సారూ." "నీకు దండం పెడ్త. ఇంక నాలుగు నిమిషాలే ఉన్నది." "నాలుగు ఉండనియ్యి, నలభై ఉండనియ్యి. ఒకరు పైకి రాలే."

ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. ఆ నాలుగు నిమిషాల్లో నేను బయటికొచ్చి ఉంటే అంతా సర్దుకునేది. రికార్డు నిలిచేది, నాయిన ఉద్యోగం నిలిచేది. నాకు అది తెలుసు. తెలిసి కూడా కదల్లేదు. పేపరువాళ్లు, చర్చిలో చెప్పిన సాక్ష్యం, పది సార్లు ఎక్కానన్న కోత, అన్నీ కలిసి నన్ను ఆ ట్యాంకుకు కట్టేశాయి. కాసేపుంటే వాళ్లే విసుగొచ్చి బండి తీస్తారులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నేళ్లుగా ఆయన్ని చూసిన అమ్మయితే అంత తప్పుగా అంచనా వేసి ఉండేది కాదు. నా సిగ్గు కోసం మా నాయిన ఉద్యోగాన్ని పణంగా పెట్టాను, అదీ సంగతి. గడియారం సారు చేయి పైకెత్తి "ఐదు నిమిషాలు అయిపోయాయండీ" అన్నాడు. రికార్డు సారు అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు.

నాయిన అటు చూడను కూడా లేదు. జనాన్ని నాలుగు గుంపులు చేసి పట్టాల కింద పొదలన్నీ వెతకమని పంపాడు. బండిలోంచి మనిషి పడిపోయి ఉంటాడని ఆయన భయం. వేంసూరు రైతులు, కల్లూరు వాళ్లు, గూడెం వాళ్లు అందరూ పొదల్లోకి వంగారు. రెండు నిమిషాల్లో ఇప్పపూల అవ్వ కేక వినపడింది. "చెప్పు ఉన్నదయ్యా! ఆడమనిషి చెప్పు!" నీలం పట్టీల హవాయి చెప్పు, ఈ జిల్లాలో ప్రతి ఇంటి గుమ్మం ముందూ ఉండేదే. కానీ ఆ చెప్పు చూశాక ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. ట్యాంకు పక్కనుంచి తొంగిచూశాను. నాయిన ఆ చెప్పును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. దాని పట్టీకి అంటిన మట్టిని బొటనవేలితో తుడుస్తున్నాడు. టన్నుల బొగ్గును తాడు మీద ఆపిన చేతులు ఒక హవాయి చెప్పును అంత జాగ్రత్తగా పట్టుకోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

నేనూ వెతికేవాళ్లలో ఉన్నాననుకుని ఆయన నా ఖాళీ మైకు గదిలోకి వెళ్లాడు. మైకు ముట్టుకోవడం ఆయనకు అదే మొదటిసారి. "హలో. హలో. పదిహేడో నంబరు బిళ్ల తీసుకున్న మనిషీ. నువ్వెవరో నాకు తెల్వదమ్మా. యాడున్నా సరే, ఒక్క కేకెయ్యి. దెబ్బ తగిలితే కదలకు, మేమే వస్తం. ఎవ్వలు నిన్నేమనరు. నువ్వొచ్చిందాక బండి కదలదు. నిన్ను లెక్కల నుంచి తియ్య బిడ్డా." ఆ మాట విన్నాక నేనిక దాక్కోలేకపోయాను. ధైర్యం వచ్చి కాదు, ఏడుపు వచ్చి. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తిదిగా, పిడికిట్లో బిళ్లతో అంత జనం మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లాను. దారి ఇస్తూ అందరూ ముందు నా ముఖం చూశారు, తర్వాత నా కాలు చూశారు.

నాయిన గది గుమ్మంలో మైకు పట్టుకునే నిలబడ్డాడు. నన్ను చూశాడు, నా ఉత్తి కాలు చూశాడు, చేతిలోని బిళ్ల చూశాడు. "నువ్వా?" అన్నాడు. "అవ్ నాయినా." "దెబ్బ తగిలిందా?" "లేదు." "మరి?" "ఎక్కలే నాయినా. భయమై దూకిన." "ఎప్పుడూ ఎక్కలేదా?" "ఎప్పుడూ ఎక్కలే. అందరికీ అబద్ధం చెప్పిన." అప్పుడు నాకు మా గొంతులు టేకు చెట్ల మీదుగా తిరిగి వినపడుతున్నాయని తెలిసింది. మైకు ఆపడం నాయినకు తెలియదు. పార్కంతా, రోడ్డు మీద ఆగిన బస్సుతో సహా, నా సాక్ష్యాన్ని వింటోంది. ఆపబోయాను. ఈలోపే ఆయన తాపీగా అన్నాడు, "పోనీ తియ్యి బిడ్డా. నేను గూడ ఎక్కలే. నాకూ భయమే."

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. వేంసూరు ట్రాక్టర్ దగ్గరో, గూడెం వాళ్ల దగ్గరో. ఇప్పపూల అవ్వ పొట్ట పట్టుకుని కింద కూర్చుంది. గడియారం సారు కూడా నవ్వి, ఆ నవ్వు రికార్డులోకి ఎక్కుతుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాయిన మాత్రం నవ్వలేదు. మెట్ల దాకా నడిచి, నా చేతిలోని బిళ్ల తీసుకుని పదిహేడో మేకుకు తగిలించి, ఇరవై మేకుల మీదా వేలు ఆనిస్తూ లెక్కపెట్టి, "అందరు పైకొచ్చిండ్రు," అన్నాడు. తర్వాత క్యాబిన్‌లోకి వెళ్లి రెండు గంటలు కొట్టాడు. మిగిలిన పదకొండు రౌండ్లూ తిప్పాడు. రికార్డు పోయిందని తెలిసీ తిప్పాడు. వరుసలో నిలబడ్డవాళ్లు ఉన్నారు కదా అన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆయన టీవీఎస్ బండి వెనక కూర్చుని "నాయినా, నీ నౌకరీ పోగొట్టిన," అన్నాను. పాల్వంచ దాటాక, వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "నేను కొత్తగ పనిల చేరినప్పుడు ఒక దోస్తుండె. ఒకరోజు షిఫ్టు అయినంక వాని బిళ్ల రాలే. జేబుల ఏసుకుని ఇంటికి పోయిండు గావచ్చు అన్నరు. నాకు ఆకలైతుండె, నేను గూడ అట్లనే అనుకున్న. వాడు లోపల్నే ఉన్నడు. దీపం ఆరిపోయింది, దారి తెల్వక, ఒక షిఫ్టంత చీకట్ల కూసున్నడు. దెబ్బ గిట్ల ఏం తగలలే. పైకొచ్చి నాతోటి ఒక్కటే మాటన్నడు, నన్ను లెక్కవెట్టలే గదరా అని. మల్ల బాయిల దిగలే. గేటు కాడ చాయ్ కొట్టు పెట్టుకున్నడు. రోజు నాకు చాయ్ పోసిండు, ఎన్నడు మల్ల ఆ మాటెత్తలే. నాకే రోజు ఇనబడ్డది." రోడ్డు మీది గుంతను తప్పించాడు. "నౌకరీ పోతే పోయింది బిడ్డా. పదిహేడు పైకొచ్చింది," అన్నాడు. నేను ఆయన వీపుకు తల ఆనించి ఏడ్చాను. చొక్కా తడిస్తే "వానొస్తున్నదా ఏంది?" అన్నాడు, ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా.

ఇక్కడ ఎవరైనా కథకుడైతే, వెతుకుతుంటే పట్టా కింద ఊడిపోయిన బోల్టు ఒకటి దొరికిందనీ, నాయిన ఆపబట్టే ఇరవై ప్రాణాలు నిలిచాయనీ రాస్తాడు. అలాంటిదేమీ జరగలేదు. బోల్టులన్నీ గట్టిగానే ఉన్నాయి. బండి ఆగింది ఒక పిరికిదాని వల్ల మాత్రమే. ఉద్యోగం పోకపోవడానికి కారణం కూడా వేరే. మూడు రోజుల తర్వాత రికార్డు సారు కబురు పంపాడు. మేము తలలు వంచుకుని వెళ్లేసరికి గేటు దగ్గర కొత్త బోర్డు రంగు ఆరుతోంది. "రాష్ట్రంలోనే ఏకైక బిళ్లల రోలర్‌కోస్టర్! ఒక్క మనిషి లెక్క తప్పినా బండి కదలదు!" ఊళ్లలో ఆ సంగతి పాకిపోయి, పిల్లల్ని పంపడానికి జంకే తల్లులందరూ బిళ్లల పార్కు అయితే సరే అంటున్నారట. పట్నం పోరడి మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. పోటీ లేని రికార్డు ఆయన చేతికి ఇంకొకటి చిక్కింది. నేను మాత్రం ఆ ఆదివారం చర్చిలో లేచి పాత సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నాను. అమ్మ ఈసారి కళ్లు తుడుచుకోలేదు, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ తర్వాత నేను అడ్డం పడిన సబ్జెక్టు గట్టెక్కి టీచరునై ఖమ్మం వచ్చేశాను. పార్కు కొన్నేళ్లు నడిచి, జనం పలచబడి, కరోనాలో పూర్తిగా మూతపడింది. ఈ మధ్య రోలర్‌కోస్టర్‌ను కోసి పాత ఇనుము కింద అమ్మేస్తున్నారని తెలిసింది. నాయినకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు గానీ ఈ మాట మాత్రం మొదటిసారికే విన్నాడు. "ఒకసారి చూసొద్దాం పా," అన్నాడు. వెళ్లేసరికి ఎత్తైన భాగం అప్పటికే నేల మీద ముక్కలై ఉంది. లంటానా ప్లాట్‌ఫారం ఎక్కేసింది. బండి మాత్రం తుప్పు పట్టి తన చోటనే నిలబడి ఉంది, మెట్ల పక్కన మేకుల బోర్డు కూడా ఉంది, ఆరేడు బిళ్లలతో. నాయిన వెతికి పదిహేడు తీసి నా చేతిలో పెట్టాడు. "ఎక్కు," అన్నాడు.

నవ్వుతూ సీటు వైపు నడిచాను. "ఆగు, అగ్గిపెట్టె?" అన్నాడు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చూపించాక గానీ వదల్లేదు. వెనక వరుసలో అవతలి చివరి సీటు, ఆకులు దులిపి కూర్చున్నాను. బార్ తనే వచ్చి బిగించాడు, అది రెండుసార్లు జారి మూడోసారికి నిలిచింది. మెల్లగా క్యాబిన్ మెట్లెక్కాడు. రెండు గంటలు మోగాయి, తర్వాత మూడు. "నెత్తి జాగ్రత్త!" నమ్మండి, నా గుండె అప్పటిలాగే దడదడ కొట్టుకుంది. కరెంటు లేదు, ముందు పట్టాలు లేవు, బండి అంగుళం కదల్లేదు, అయినా నేను తల వంచి, కళ్లు మూసుకుని, ఆ తుప్పు బార్‌ను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఒక గంట మోగింది. దిగి వచ్చి బిళ్ల ఇచ్చాను. ఆయన దాన్ని మేకుకు తగిలించి, ఉన్న బిళ్లల మీద వేలు ఆనిస్తూ లెక్కపెట్టుకుని, "అందరు పైకొచ్చిండ్రు," అన్నాడు.

మా బడి పిల్లల్ని ఎక్కడికైనా తీసుకువెళ్తే బస్సు కదిలే ముందు నేను రెండుసార్లు లెక్కపెడతాను. పిల్లలు విసుక్కుంటారు. నువ్వెప్పుడైనా రోలర్‌కోస్టర్ ఎక్కావా టీచర్ అని అడుగుతుంటారు. ఎక్కాను, జిల్లాలోకెల్లా ఎత్తైనది, మా నాయినే నడిపాడు అని చెబుతాను. ఇది అబద్ధం కాదు. అది కదిలిందా అని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.